కనుమ నాటి పొంగలి, ముక్కనుమ నాటి ఫోన్లు

సంక్రాంతి వస్తే ఊళ్లో వాళ్లకు భోగి, పెద్ద పండగ, కనుమ ముఖ్యం. పశువుల డాక్టరుకు ముక్కనుమ ముఖ్యం. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ రోజు నేను ఇంట్లో కూర్చుని తీరిగ్గా మాంసం కూర తిన్న జ్ఞాపకం లేదు. తెల్లవారకముందే ఫోను మోగేది. "సార్, ఆవు నెమరేయడం లేదు." "సార్, డొక్క ఉబ్బి బిగుసుకోనుంది." "సార్, ఒకటే పారుడు, లేచేదే లేదు." ఏం పెట్టారని అడిగితే అందరిదీ ఒకే జవాబు: "పండగ గదా సార్, రోంత పొంగలి పెట్టినాము."

ఆ రోంత ఎంతో వెళ్లి చూస్తేగానీ తెలియదు. ఇంట్లో వాళ్లు ఒక బక్కెట్టెడు పెట్టి ఉంటారు. పక్కింటామె తన వంతు తెచ్చి పెట్టి ఉంటుంది. ఊరేగింపులో గడప గడపకూ ఒక అరటిపండో, బెల్లం ముద్దో, దోసెడు చక్కెర పొంగలో అందుతుంది. ఏడాదంతా ఎండుగడ్డీ పచ్చి కసువూ తిన్న కడుపులోకి ఒక్క పూటలో ఇదంతా దిగుతుంది.

ఆవు కడుపు మన కడుపు లాంటిది కాదు. నాలుగు అరలుంటాయి. మొదటి అర అన్నిటికంటే పెద్దది, వంద లీటర్లకు పైనే పడుతుంది. కంటికి కనిపించని జీవులు అందులో కోటానుకోట్లు కాపురముంటాయి. కసువును పులియబెట్టి ఆవుకు బలంగా మార్చేది అవే. రైతు వాటికి మేత వేస్తాడు, అవి ఆవును మేపుతాయి, ఆవు రైతును మేపుతుంది. వాటికి గడ్డి అలవాటు. ఒక్కసారిగా మెత్తటి అన్నం, బెల్లం వచ్చి పడితే, పిండిపదార్థం తినే జాతి ఒకటి ఇష్టం వచ్చినట్టు పెరిగిపోయి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ అరలో పి.హెచ్. 6కూ 7కూ మధ్య ఉండాలి. అది 5.5 కిందికి జారిందంటే గడ్డి అరిగించే జీవులు చావడం మొదలుపెడతాయి. 5 కిందికి పోయిందంటే ఇక మన చేతిలో గంటలే ఉంటాయి. ఒంట్లో నీళ్లన్నిటినీ పొట్ట లాగేసుకుంటుంది, కళ్లు గుంటలు పడతాయి, పేడ పుల్లటి వాసన కొడుతుంది.

ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి చూస్తాం. బాగున్న ఆవుకు నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపల పెద్ద అల లేచినట్టు చేతికి తగులుతుంది. ముక్కనుమ నాటి ఆవుకు ఏమీ తగలదు. స్టెతస్కోపు పెట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. తినే సోడా నీళ్లలో కలిపి గొట్టంతో పొట్టలోకి పోయడం, నరానికి సెలైన్ ఎక్కించడం, మరీ ముదిరితే డొక్క కోసి ఆ పొంగలంతా చేత్తో బయటికి తోడెయ్యడం. ఇదీ మా పండగ. తొందరగా పిలిస్తే చాలావాటిని బతికించుకోవచ్చు. పండగ పూట డాక్టరును ఇబ్బంది పెట్టడం ఎందుకని సాయంత్రం దాకా ఆగినవాళ్లే ఎక్కువ నష్టపోయేవాళ్లు.

పలమనేరు వైపు ఒక పల్లెలో ఒంటరిగా ఉండే ముసలామె ఉండేది. ఆమెకున్నది ఒక్క ఆవు. ఆ ఆవుకు సెలైన్ ఎక్కిస్తూ, "ఎందుకవ్వా అంత పెట్టినావు?" అని కసిరాను. ఆమె సీసా పట్టుకుని నిలబడి, "ఏడాదంతా నాకు బువ్వ పెట్టింది అది. ఈ పొద్దు దానికి పెట్టకుండా నేనెట్ట తినేది నాయనా?" అంది. మా చదువులో ఆ ప్రశ్నకు మందు లేదు. తిరుపతి పశువైద్య కళాశాలలో మాకు జబ్బు ఎలా వస్తుందో చెప్పారు గానీ, ప్రేమ ఎక్కువై వచ్చే జబ్బును ఏమని తిట్టాలో చెప్పలేదు.

కనుమ నాడు ఎవరెవరు ఎవరికి రుణపడి ఉన్నామనుకుంటారు, ఆ రుణం ఎలా తీరుస్తారు, ఎవరిని మరిచిపోతారు అని కనిపెట్టి చూడటం నాకు అప్పట్నుంచి అలవాటైపోయింది.

మా వైపు కనుమ అంటే పశువుల పండగే. చీకటితోనే పిల్లకాయలు గుట్టల మీదికి పోయి మద్ది చెక్క, నేరేడు చెక్క, మోదుగ పూలు, నల్లేరు, మారేడు కాయలు, ఇంకా ఏవేవో ఆకులు, వేర్లు మోసుకొచ్చేవాళ్లు. వాటికి దండిగా ఉప్పు చేర్చి రోట్లో దంచితే వచ్చేదే ఉప్పుచెక్క. వాసనకే ముక్కు అదిరేది. ఏ గొడ్డూ దాన్ని ఇష్టపడి తినేది కాదు. ఒకడు కొమ్ములు పట్టుకుంటే ఇంకొకడు నోరు తెరిచి చారెడు పోసి దవడలు మూసి పట్టుకునేవాడు. ఏడాదికొకసారి కడుపు కడిగినట్టవుతుందని పెద్దల నమ్మకం. మా పుస్తకాల్లో దీనికి మోతాదు లేదు. మా తాతను అడిగితే "చారెడు" అనేవాడు. ఎవరి చేతి చారెడు అని అడిగితే నా వైపు జాలిగా చూసేవాడు. ఆ రోజుల్లో నట్టల మందులు దొరికేవి కావు. చేతనైన వైద్యం పండగ పేరు చెప్పి చేశారు. చేదు మందు పోసి, ఆ వెనకే పొంగలి పెట్టడంలో నాకైతే మంచి లెక్కే కనిపిస్తుంది. ఇప్పుడు ఉప్పుచెక్క పోయింది, పొంగలి మిగిలింది.

మధ్యాహ్నానికి చెరువులో కడుగుడు. కొమ్ములు నున్నగా చెక్కి రంగులు వెయ్యడం, మెడలో గజ్జెలు, పూసల పేర్లు. (ఇంటి తలుపులకు వేసే రంగు డబ్బాలే కొమ్ములకూ వేస్తారు. గొడ్లు ఒకదాన్నొకటి నాకుతాయి. సీసం ఉన్న పాత రంగులు మాత్రం దగ్గరికి రానివ్వకండి.) పొద్దుగూకే వేళకు ఊరి గొడ్లన్నీ ఊరి బయట కాటమరాజు దగ్గరికి చేరతాయి. గుడీ గోపురం ఉండవు. చెట్టు కింద పాతిన రాయే దేవుడు. అక్కడే కుండల్లో పొంగళ్లు పెడతారు. కంపా కర్రా పోగేసి పెట్టిన చిట్లాకుప్పకు నిప్పంటించి, ఆ వెలుగులో గొడ్లను బెదరగొట్టి ఇళ్లకు తోలతారు. ఆ తర్వాత ఊరి చాకలి పొంగలి కుండ నెత్తిన పెట్టుకుని, "పొలో పొలి" అని కేకేస్తూ రాత్రంతా పొలాల మీద మెతుకులు చల్లి వస్తాడు. భూమికీ వాటా, పురుగుకూ పక్షికీ వాటా, చీకట్లో తిరిగే కనపడని వాళ్లకూ వాటా.

కాటమరాజు ఎవరో ఇప్పటి పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. యాదవ వీరుడు. కథ ప్రకారం కరువొచ్చి మేత కోసం ఆవుల మందలతో నెల్లూరు సీమకు వస్తాడు. అక్కడి పాలకుడు నల్లసిద్ధితో పుల్లరి దగ్గర, అంటే గడ్డి మేపుకున్నందుకు కట్టాల్సిన పన్ను దగ్గర, తగాదా ముదిరి ఎర్రగడ్డపాటి దగ్గర యుద్ధమవుతుంది. నల్లసిద్ధి తరఫున పోరాడిన ఖడ్గతిక్కన నేలకొరిగింది కూడా ఆ యుద్ధంలోనే అంటారు. బంగారం కోసమో, రాజ్యం కోసమో, ఆడవాళ్ల కోసమో జరిగిన యుద్ధాల కథలు మనకు బోలెడన్ని. గడ్డి కోసం జరిగిన యుద్ధం ఇదొక్కటే నాకు తెలిసి. కనుమ నాడు మా పశువులు మొక్కేది ఆ గడ్డి కోసం కొట్లాడిన మనిషికి. అదే ఊళ్లో మేత పోరంబోకు ఎంత మిగిలిందో ఎప్పుడైనా లెక్క చూడండి. కాటమరాజు రాయి చుట్టూ నాలుగు గజాలు మిగిలిన ఊళ్లు నేనే చూశాను.

2002లో దేశమంతా కరువు. వానలు మామూలు కంటే 19 శాతం తక్కువ కురిశాయి. మా సీమలో ఆ శాతాలు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. చెనిక్కాయ తీగ కూడా చేతికి రాలేదు. నెల్లూరు వైపు నుంచి వరిగడ్డి లారీలు వస్తే మోపు మోపుకూ బేరం. మా నాయన కాడెద్దుల్ని ఆ ఏడే అమ్మాడు. వచ్చిన సంక్రాంతికి కోసుకోవడానికి పంట లేదు, కృతజ్ఞత చెప్పడానికి ఖాళీ కొట్టమే ఉంది. అయినా మా అమ్మ పొంగలి పెట్టింది. ఎవరికమ్మా అంటే, "ఉన్నింటే వాటికే పెట్టేదాన్ని. పోయినాయని మానుకుంటానా?" అంది. ఆ ఏడు పొంగలి కొట్టంలో గాటి పక్కన ఆకేసి పెట్టింది, చచ్చిపోయిన పెద్దలకు బట్టలు పెట్టినట్టు.

కోస్తాలో సంక్రాంతిని పెద్ద పండగ అనడం వెనక ఉన్నదీ ఈ పెద్దలే. పాత ఫొటోల ముందు కొత్త బట్టలు పెట్టి, కొత్త బియ్యంతో వండినవి ముందు వాళ్లకు నైవేద్యం పెట్టి, తర్వాతే మిగతావాళ్లు తింటారు. పొలం ఇచ్చి పోయినవాళ్లకు లెక్క చెప్పుకోవడం అది. పొలం లేని ఇళ్లలోనూ పెడతారు. అక్కడ ఏం లెక్క చెప్పుకుంటారో అని అనుకునేవాణ్ని. మా కొడుకు అత్తగారిది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. 2012 సంక్రాంతికి అక్కడికి వెళ్లాక కొంత తెలిసింది.

అంతకుముందు ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడి పెరిగి, ధర గిట్టక, మురుగు కాల్వలు పూడిపోయి చేలు మునుగుతుంటే, ఈసారి నాట్లే వెయ్యం అన్నారు. గోదావరి నీళ్లు కాలవలో పారుతుండగా వరి వెయ్యకుండా కూర్చోవడం మా సీమవాళ్లకు అర్థమయ్యే సంగతి కాదు. నీళ్లుంటే చాలనుకునేవాళ్లం మేము. మా వియ్యంకుడు గారి భూమిని ఏళ్ల తరబడి మక్తాకు, అంటే కౌలుకు, చేస్తున్న ఒకాయన పండగ పలకరింపుకొచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"పంట లేదు గదండీ, పండగేంటనుకున్నామండీ. పిల్లలొప్పుకోరు గదండీ" అన్నాడు. ఆయనకు సంక్రాంతి ధాన్యం ఇంటికొచ్చే రోజు కాదు, మక్తా కొలిచే రోజు. పంటయిన ఏడాది బస్తాలు నేరుగా కళ్లంలోంచి వియ్యంకుడు గారి ఇంటికొస్తాయి. మిగిలిందాంట్లో ఎరువుల కొట్టు బాకీ, వడ్డీ పోను ఏముంటుందో అదీ ఆయన పండగ. పంట వెయ్యని ఏడాది పంటా లేదు, మక్తా బాకీ కూడా లేదు. "ఈ ఏడొక్కటే అండీ ఎవరికీ బాకీ లేకుండా గారెలు తిన్నది" అని నవ్వాడు. అరుగు మీదున్నవాళ్లెవరూ నవ్వలేదు. కౌలుదారులకు కార్డులివ్వడానికి 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. 2019 చట్టం ప్రకారం భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కార్డు. పండగ పూట పిలిచి గారెలు పెట్టే యజమానులు కూడా ఆ సంతకం దగ్గరికొచ్చేసరికి కలం కనపడలేదంటారు. ఇది మా వియ్యంకుడు గారిని ఉద్దేశించి రాయలేదు. ఆయన చదివినా ఫరవాలేదు.

ఆ 2012 పండగలో మరుసటి రోజు కనుమ. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు తీసుకెళ్లారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద వచ్చి ఆ కొబ్బరితోటలో కలుసుకునే రోజది. వెదురు, రంగుల గుడ్డలు, నూలుతో తాటిచెట్టంత ఎత్తు కట్టిన ప్రభలను మనుషులే భుజాల మీద మోసుకొస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. ఢిల్లీలో అది రోడ్డు మీద పోయింది. ఇక్కడ పోయేది చేలల్లోంచి. కౌశిక కాలవలో పీకల్లోతు నీళ్లల్లో దిగి, అవతలి గట్టెక్కి, పచ్చటి చేలు తొక్కుకుంటూ పరుగు. ఏపుగా ఉన్న చేనును వందల కాళ్లు బురద చేసేస్తుంటే ఆ చేను గలాయన గట్టు మీద నిలబడి దణ్ణం పెడుతున్నాడు. మామూలు రోజున పక్కవాడి మేక గట్టు దాటితే పంచాయితీ పెట్టే మనిషేనట. దేవుడు తొక్కిన చేను బాగా పండుతుందని వాళ్ల నమ్మకం. ఇవ్వడం అంటే మిగిలింది ఇవ్వడమే అని చూసి చూసి అలవాటైన కళ్లకు ఆ మనిషి కొత్తగా కనిపించాడు.

వియ్యంకుడు గారి కొట్టంలో పాలు పితకడానికొచ్చే ఒక కూలీ ఆమెతో పండగ ఎలా జరిగిందని మాట కలిపాను. పశువుల డాక్టరునని తెలిసి గేదె సంగతులు చెప్పి, తర్వాత తన సంగతి చెప్పింది. వాళ్ల చిన్నప్పుడు కోతలయ్యాక పరిగె ఏరుకునేవాళ్లు. కోసినవాళ్ల కొడవలికి తప్పించుకున్న కంకులు ఎవరు ఏరుకుంటే వాళ్లవి. ఒక కుటుంబానికి సంక్రాంతి అరిసెలకు చాలినంత బియ్యం అలా వచ్చేది. "ఇప్పుడు మిషనుతో కోయిస్తున్నారండి. మిషను పరిగె వదలదండి. కూలికీ పిలవరండి" అంది. కోత యంత్రం వచ్చాక రైతుకు అదునులో కోత అవుతోంది, ఖర్చు కలిసొస్తోంది, అది నిజమే. మా పశువులకు మాత్రం గడ్డి తునకలై చేలోనే పోతోంది. ఆమెకు అరిసెల బియ్యం పోయింది. ఆ పక్కనే వసారాలో మా వియ్యపురాలు పిచ్చుకల కోసం అందంగా అల్లిన వరి కంకుల కుచ్చు వేలాడదీసింది. ఆ కుచ్చు ఈమధ్య ఊళ్లో కట్టడం లేదు, ఆన్‌లైన్‌లో కొంటున్నారు.

ఊళ్లో పని చేసినవాళ్లకు మేర, అంటే ధాన్యంలో వాటా, కొలిచే రోజుల్లో ఈ లెక్కలన్నీ కళ్లం దగ్గరే తేలిపోయేవి. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, చెరువు నీళ్లు పారించే నీరుగంటి, ఒక్కొక్కరికి ఇన్ని కుంచాలని. అందులో ధర్మం ఎంతో దబాయింపు కూడా అంతే. కొలిచే చెయ్యి ఒకరిది, పట్టే కొంగు ఒకరిది. ఆ కాలం బంగారమని నేననను. మేర పట్టిన ఇంట్లో పుట్టినవాళ్లెవరూ అనరు. ఇప్పుడు సెలూనులో డబ్బులిచ్చి జుట్టు కత్తిరించుకుంటాం, లెక్క అక్కడితో సరి. దాంట్లో ఎవరూ ఎవరి ముందూ వంగక్కర్లేదు.

తెలంగాణలో, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు, ఎడ్ల పండగ సంక్రాంతికి కాదు. శ్రావణం చివర పొలాల అమావాస్యకు. మహారాష్ట్ర పోలా అదే. కోతలయ్యాక కాదు, దుక్కులు దున్ని నాగలి పక్కన పెట్టాక ఎద్దుకు మొక్కుతారు. నాతోపాటు చదివిన ఆదిలాబాద్ మిత్రుడు దీని మీద నాతో ఏళ్ల తరబడి వాదం పెట్టుకున్నాడు. "మీరు పంట చూసి దణ్ణం పెడతారు, మేము పని చూసి పెడతాం" అంటాడు. పంట ఎండిన ఏడాది కూడా ఎద్దు పని చేసిందిగా అని అతని పాయింటు. మా అమ్మ ఖాళీ కొట్టం కథ చెప్పాకే ఊరుకున్నాడు.

ఎద్దుకే ఏడాది పొడవునా మొక్కి బతికేవాళ్లు ఇంకొకరున్నారు. ధనుర్మాసంలో గంగిరెద్దుల వాళ్లు మా ఆసుపత్రికి తరచూ వచ్చేవాళ్లు. తారు రోడ్ల మీద ఊళ్లు తిరిగి తిరిగి గిట్టలు అరిగిపోతాయి. నాడాలు కొట్టించినా నెల తిరక్కుండానే పలచబడతాయి. ముక్కుతాడు పుండు పడుతుంది. పాత పట్టుచీరలు, అద్దాల గుడ్డలు కప్పుకున్న ఎద్దు మందు బల్ల పక్కన నిలబడి ఎవరు కనిపించినా తలూపేది, నేను సూది పట్టుకుని వస్తున్నా సరే. ఆ నెల రోజుల్లో వచ్చిన బియ్యం, చిల్లర, పాత బట్టలే వాళ్లకు పంట. కోసుకునే పొలం ఊరి వీధులే. ఒకసారి వచ్చినాయన ఎద్దు గిట్టకు కట్టు కట్టించుకుని, ఫీజు ఇవ్వబోయి, నేను వద్దంటే సన్నాయి తీసి ఆసుపత్రి వరండాలో ఊదాడు. ఉత్తినే తీసుకోవడం వాళ్ల వృత్తిలో లేదట.

ఎడ్ల మాటొచ్చింది గనక ఒక లెక్క చెప్పాలి. 2012, 2019 పశుగణనలు పక్కపక్కన పెట్టి చూస్తే దేశంలో ఆవు జాతిలో ఆడవి సుమారు 18 శాతం పెరిగాయి, మగవి 30 శాతం దాకా తగ్గాయి. ట్రాక్టరు వచ్చాక ఎద్దుతో పని లేదు. మా జిల్లాలో చెనిక్కాయ పోయి పాలు మిగిలాయి. పాల డబ్బులు పదిహేను రోజులకోసారి చేతికొస్తాయి, వాన కురిసినా కురవకపోయినా. హోల్‌స్టీన్ ఫ్రీజియన్ (హెచ్.ఎఫ్.), జెర్సీ సంకర ఆవులు ఇంటికి రెండో మూడో ఉంటాయి. వాటికి మగదూడ పుడితే ఆ ఇంట్లో మాట పడిపోతుంది. కొన్నాళ్లు తల్లి ముందు నిలబెట్టి పాలు చేపడానికి వాడుకుంటారు. ఆ తర్వాత ఒకరోజు గాటి దగ్గర తాడు మాత్రం ఉంటుంది. ఆడదూడలే ఎక్కువగా పుట్టేలా వేరు చేసిన వీర్యం ఇప్పుడు వచ్చింది. దానికున్న గిరాకీ చూస్తే రైతు మనసులో ఏముందో తెలిసిపోతుంది. కనుమ నాడు కొమ్ములకు రంగు వేసి ఊరేగించే కోడెదూడ కావాలంటే పక్క ఊరి నుంచి అడిగి తెచ్చుకునే పల్లెలు నాకు తెలుసు. చంద్రగిరి పక్కన ఎ.రంగంపేటలో కనుమ నాడు ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదిలితే కుర్రకారు వెంటబడి ఆ పలకలు లాక్కుంటారు. ఆ ఎద్దు కళ్లల్లోని బెదురు పశువైద్యుడికి కనిపిస్తుంది. దాని యజమానికి మాత్రం ఏడాదంతా దాచి మేపినందుకు దక్కిన పరువు కనిపిస్తుంది. ఆయన దాన్ని సంతకు పంపలేదు కదా అని నేను కాస్త మెత్తబడతాను.

పుంగనూరు ఆవుకు మాత్రం మంచి రోజులొచ్చాయి. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, మా నడుము దాకా కూడా రాదు. పలమనేరు పశు పరిశోధన స్థానంలో దాన్ని కాపాడుకుంటూ వస్తున్న రోజుల్లో అడిగేవాళ్లు తక్కువ. 2024 సంక్రాంతి సమయంలో ప్రధాని తన ఇంటి ఆవరణలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక నాకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు. హైదరాబాదులో మిద్దె మీద పెంచుకోవచ్చా అని ఒకాయన. లిఫ్టులో పడుతుందా అని ఇంకొకామె. పడుతుంది గానీ, దానికి మట్టి కావాలి తల్లీ అన్నాను.

ఆ హైదరాబాదు వాళ్లే పండగకు ముందు రెండు రోజులు విజయవాడ దారిలో పంతంగి టోల్ గేటు దగ్గర కార్లలో బారులు తీరతారు. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. ఇప్పుడు కనుమ మధ్యాహ్నానికే గారెలు డబ్బాలో పెట్టించుకుని తిరుగు ప్రయాణం. సెలవు అంతే, ఏం చేస్తారు. ఆ రోజు ఆర్టీసీ డ్రైవరు కూడా కదలాల్సిందే. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి సంక్రాంతిని దగ్గర్లో వచ్చే శనివారానికి జరుపుతుంది. ఇండియన్ స్టోర్లో పిడకలు కొని బాల్కనీలో భోగిమంట వేస్తానంటే అపార్ట్‌మెంటు వాళ్లు వద్దన్నారట. పిల్లలకు భోగిపళ్లు పోసి, గారెలు చేసి, వీడియోలో మా కొట్టం చూపించమంటుంది. మనవరాలు దూడను చూసి ముద్దుగా పేరు పెట్టింది. మగదూడ. అప్పుడు నేను ఫోను పక్కకు తిప్పాను.

నాకిప్పుడు ఉద్యోగం లేదు. కనుమకు ముందు మా చుట్టుపక్కల ఊళ్లలో పాల కేంద్రాల దగ్గర నిలబడి చెబుతుంటాను. పొంగలి పెట్టండి, ఆవుకు ఒక పిడికెడు చాలు. దేవుడి ముందు పెట్టిన ఆకులోది చాలు. మిగతాది కావాలంటే పచ్చి కసువు కోసుకొచ్చి వెయ్యండి, పక్కింటామెకూ అదే చెప్పండి. ఊరేగింపుకు పోయేముందే కడుపునిండా ఎండుగడ్డి తినిపించండి, ఖాళీ కడుపుతో తోలకండి. నెమరు ఆగితే సాయంత్రం దాకా ఆగొద్దు, 1962కు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. వింటారు. కొందరు తలూపుతారు, ఇంటికెళ్లి బక్కెట్టే పెడతారు.

పోయిన కనుమ సాయంత్రం కూడా పాల కేంద్రం తెరిచే ఉంది. కాటమరాజు దగ్గర డప్పులు మోగుతుంటే ఇక్కడ క్యాన్ల వరస. ఆవుకు పండగని పొదుగు వినదు కదా. కేంద్రం నడిపే కుర్రాడు కొత్త చొక్కా చేతులు మడిచి, ఒక్కొక్క క్యాన్లోంచి కాస్త పాలు మిషన్లో పోసి, వెన్న శాతం, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల (ఎస్.ఎన్.ఎఫ్.) శాతం చదువుతున్నాడు. నొసట కుంకుమ, చేతికి పసుపుతో ఉన్న ఒకామె తన చీటీ చూసుకుని మొహం ముడిచింది. పండగ పనుల్లో గడ్డి సరిగ్గా వెయ్యలేకపోయినందుకు వెన్న పడిపోయింది. నేను నా పొంగలి పాఠం మొదలుపెట్టాను.

ఆమె మధ్యలోనే అడ్డుకుంది. "పత్రికకు రాస్తా ఉండావంట గదా అన్నా, ఆవుకు దండం పెట్టే ముచ్చట. రాయి, వద్దనను. అట్నే దాణా మూట ఏం ధర పలకతా ఉందో, మా పాలకు వీళ్లు ఏం కట్టిస్తా ఉండారో, ఆ రెండూ పక్కపక్కన రాయి."